మా నాన్న పండించిన వర్జీనియా, నేను చూసిన వర్జీనియా

వర్జీనియా అమెరికాలో ఒక రాష్ట్రం పేరని హైస్కూలుకు వచ్చేదాకా నాకు తెలియదు. టంగుటూరు దగ్గర మా ఊళ్లో వర్జీనియా అంటే పొగాకే. "ఈ ఏడు ఎన్నెకరాలు వేశావు వర్జీనియా?" అని రచ్చబండ దగ్గర అడిగేవాళ్లు. ఆ తర్వాత సోషల్ టీచర్నయ్యాను. ముప్పై ఏళ్లు పిల్లలకు అమెరికా స్వాతంత్ర్య ప్రకటన పాఠం చెప్పాను. అందుకే ఆ వర్జీనియాలోనే యాష్‌బర్న్‌లో అమ్మాయి దగ్గరున్నప్పుడు, అక్టోబరు లాంగ్ వీకెండ్‌కి ఎక్కడికి వెళ్దాం అత్తయ్యా అని అల్లుడు అడిగితే, ఆ ప్రకటన రాసిన జెఫర్సన్ ఇల్లు చూడాలన్నాను. దారిలో ఇంకో ఇద్దరు అధ్యక్షుల ఇళ్లు కూడా ఉన్నాయి, మూడూ కలిపేద్దాం అన్నాడు. నేనూ, మా ఆయనా, అమ్మాయి, అల్లుడు, పదేళ్ల మనవడు, అయిదుగురం బయల్దేరాం. ఇంటికి తిరిగొచ్చి పదిరోజులే అయింది కాబట్టి అన్నీ కళ్లముందే ఉన్నాయి.

అక్టోబరు 11, శనివారం – మౌంట్ వెర్నన్

తెల్లారుజామున లేచి పులిహోర కలిపాను. ఊరు దాటితే పులిహోర లేకుండా మా ఇంట్లో బండి కదలదు.

జార్జ్ వాషింగ్టన్ ఇల్లు పోటోమాక్ నది ఒడ్డున ఉంది. దూరం నుంచి చూస్తే తెల్లరాతి కట్టడం అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే అంతా చెక్క. పలకలను రాళ్ల ఆకారంలో చెక్కి, రంగు వేసి, తడి ఆరకముందే దాని మీద ఇసుక చల్లారట. మా ఆయన గోడ పక్కన చాలాసేపు నిలబడి చూశారు. లోపల హాల్లో అద్దాల పెట్టెలో ఒక పెద్ద ఇనప తాళంచెవి ఉంది. ఫ్రెంచి విప్లవంలో జనం కూల్చిన పారిస్‌లోని బాస్టిల్ జైలు కోటదట, వాషింగ్టన్‌తో కలిసి పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెత్ పంపించాడు. ఎన్నేళ్లు బోర్డు మీద రాసిన పేరు అది, బాస్టిల్! దాని తాళంచెవి ఎదురుగా కనబడేసరికి లైను ఆగిపోయేలా నిలబడిపోయాను. వెనకాల ఉన్న ఆవిడ ఏమీ అనుకోకుండా నవ్వి, "టేక్ యువర్ టైమ్" అంది.

వాషింగ్టన్ మొదట పొగాకే పండించాడు. నేల సారం తగ్గిపోవడం, లండన్ వర్తకుల దగ్గర అప్పు పెరగడం చూసి 1766 నాటికి పొగాకు మానేసి గోధుమకు మారాడు. ఈ మాట చదవగానే మా ఆయన వైపు చూశాను. మా ఇంట్లోనూ ఏటా ఇదే చర్చ: పొగాకు మానేద్దామా, శనగ వేద్దామా అని.

1799లో ఆయన పోయేనాటికి ఆ పొలాల్లో 317 మంది బానిసలున్నారు. అందులో ఆయన సొంతంగా విడుదల చేయగలిగింది 123 మందినే. వాళ్లను తన భార్య తదనంతరం విడిచిపెట్టాలని విల్లు రాశాడు. మార్తా అంతదాకా ఆగకుండా 1801 జనవరి 1నే వాళ్లను విడిచిపెట్టింది. మిగతావాళ్లలో ఎక్కువమంది ఆమె మొదటి భర్త ఆస్తి కింద వచ్చినవాళ్లు. వాళ్లకు ఆ అదృష్టం లేదు. భర్తకు స్వేచ్ఛ వచ్చి, భార్యాబిడ్డలకు రాని ఇళ్లు ఎన్నో.

చెట్ల కింద బానిసల శ్మశానం ఉంది. పేర్లున్న రాళ్లు లేవు. మేం వెళ్లేసరికి ఒక చిన్న పూలచక్రం పెట్టే కార్యక్రమం జరుగుతోంది. ఎవరో తెలియని ఇరవై మంది, టోపీలు తీసి నిలబడ్డారు. ఒక ముసలాయన నాకు ముందు చోటిచ్చి తను వెనక్కి జరిగాడు. మధ్యాహ్నం పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి పులిహోర తిన్నాం. ఎవరికీ పెద్దగా మాటలు రాలేదు.

అక్టోబరు 12, ఆదివారం – మాంట్‌పెలియర్, ఒక తప్పు మలుపు

ఆరెంజ్ అనే చిన్న ఊరు దాటాక మాంట్‌పెలియర్. నాలుగో అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ ఇల్లు. వరండాలో నిలబడితే ఎదురుగా పచ్చిక, దాని చివర నీలంగా బ్లూ రిడ్జ్ కొండలు. ఎకరాలకు ఎకరాలు. అమెరికా రాజ్యాంగానికి తండ్రి అనిపించుకున్న మనిషి మేడమీద గదిలో కూర్చుని, పాత రాజ్యాల చరిత్రలన్నీ చదివి, కొత్త దేశం ఎలా ఉండాలో రాసుకున్నాడు. ఆ గది కిటికీ నుంచి కూడా కొండలే కనిపిస్తాయి.

మేడ మీద ఎంతసేపున్నామో నేలమాళిగలో దానికి రెట్టింపు ఉన్నాం. అక్కడ బానిసల జీవితాల మీద ఒక ప్రదర్శన ఉంది. దానికి పెట్టిన పేరు మాడిసన్ మాటే. కేవలం రంగు తేడాను ఆధారం చేసుకుని మనిషి మీద మనిషి ఇంత పెత్తనం చేయడం గురించి 1787లో రాజ్యాంగ సభలో ఆయనే మాట్లాడాడు. ఆ మాట అన్న మనిషి విల్లులో ఒక్క బానిసకూ స్వేచ్ఛ రాయలేదు.

గైడు ఒక నల్లజాతి అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో. గోడలో ఒక ఇటుక చూపించి, "ఇక్కడ వేలు పెట్టి చూడండి" అంది. ఎర్ర ఇటుకలో మూడు చిన్న గుంటలు. వేళ్ల గుర్తులు. అచ్చులోంచి తీసిన పచ్చి ఇటుకలను ఎండలో తిరగేసే పని పిల్లలది. మట్టి తడిగా ఉండగా పట్టుకుంటే వేళ్లు దిగబడతాయి, కాల్చాక అలాగే ఉండిపోతాయి. నా వేళ్లు అందులో పట్టలేదు. మనవడు పెట్టాడు. సరిగ్గా సరిపోయాయి. వాడు చటుక్కున చెయ్యి తీసేసుకున్నాడు.

నాకు మా పొగాకు పందిరి గుర్తొచ్చింది. ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం, బ్యారన్, అందులో పెట్టేముందు పచ్చాకును కర్రలకు అల్లాలి. సెలవల్లో నేనూ కూర్చునేదాన్ని. వేళ్లకు నల్లగా బంక పట్టేది, చింతపండుతో రుద్దినా ఒక పట్టాన పోదు. అన్నం కలుపుకుంటే ముద్ద చేదుగా ఉండేది. నా పక్కన నా ఈడు పిల్లే ఒకతి కూర్చుని అల్లేది. బడి తెరిచాక నేను పుస్తకాలు పట్టుకుని వెళ్లిపోయేదాన్ని, ఆ పిల్ల అక్కడే ఉండేది. ఇన్నేళ్లలో ఆ పిల్ల వేళ్ల గురించి నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

గేటు దగ్గర ఒక పాత రైల్వే డిపో ఉంది, 1910 నాటిది. తెల్లవాళ్లకో వెయిటింగ్ రూము, నల్లవాళ్లకో వెయిటింగ్ రూము. ఉన్నదున్నట్టు బాగుచేసి పెట్టారు. "రెండు గదులెందుకు అమ్మమ్మా?" అని మనవడు అడిగాడు. అమ్మాయి వాడికి ఇంగ్లీషులో అక్కడి చరిత్ర చెప్పింది. నేను తెలుగులో మా ఇంటి సంగతి చెప్పాను. మా అరుగు మీద కూలివాళ్లకు వేరే గ్లాసులుండేవి, మా అమ్మ పైనుంచి నీళ్లు పోసేది అని. వాడు నమ్మలేదు. "మన ఇంట్లోనా?" అన్నాడు. అవున్రా, మన ఇంట్లోనే.

అక్కణ్ణుంచి షార్లట్స్‌విల్‌కి 20వ నెంబరు రోడ్డు మీద తిన్నగా పోవాలి. ఫోన్లో సిగ్నల్ పోయింది. బార్బర్స్‌విల్ దగ్గర అల్లుడు ఎడమకు తిప్పేశాడు. పావుగంట తర్వాత గోర్డన్స్‌విల్ అనే ఊళ్లో తేలాం. చీకటి పడుతోంది, పిల్లాడికి ఆకలి, అమ్మాయికి టెన్షన్. కానీ ఆ తప్పు మలుపు లేకపోతే ఈ కథ నాకు తెలిసేది కాదు.

రైలు పట్టాల పక్కన కారాపి దారి అడిగితే, అటు నడిచి వెళ్తున్న ఒక పెద్దాయన దారి చెప్పి ఊరుకోలేదు, ఊరి చరిత్ర మొత్తం చెప్పాడు. అంతర్యుద్ధం తర్వాత, బానిసత్వం నుంచి బయటపడిన ఆడవాళ్లు ఇక్కడ స్టేషన్లో వేయించిన కోడి అమ్మేవాళ్లట. తట్టలు నెత్తిన పెట్టుకుని, రైలు ఆగగానే కిటికీల దగ్గరకొచ్చి అందించేవాళ్లు. ఆ రాబడితో ఇళ్లు కట్టుకున్నారు, పిల్లల్ని పెంచారు. ఊరికి ఫ్రైడ్ చికెన్ రాజధాని అని పేరు తెచ్చింది వాళ్లే. ఒంగోలు ప్లాట్‌ఫారం మీద బుట్ట ఎత్తుకుని పరుగెత్తే ఆడవాళ్లను చూస్తూ పెరిగినదాన్ని కదా, వాళ్ల అరుపులు కూడా వినబడినట్టే అనిపించింది. "రేపు మోంటిచెల్లో వెళ్తే తోట చూడటం మర్చిపోవద్దు, మ్యామ్" అని చెప్పి, మేం మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడాయన.

అక్టోబరు 13, సోమవారం – మోంటిచెల్లో

జెఫర్సన్ ఇంటి పేరే మోంటిచెల్లో, అంటే ఇటాలియన్‌లో చిన్న కొండ. టికెట్ మనిషికి నలభై డాలర్ల పైచిలుకు. మా ఆయన మనసులో ఎనభై ఎనిమిదితో గుణించుకుంటున్నారని మొహం చూస్తేనే తెలిసింది. కింద నుంచి పైకి బస్సులుంటాయి. పడమటి వైపు పచ్చికలోకి వెళ్లగానే మనవడు జేబులోంచి అయిదు సెంట్ల బిళ్ల తీసి ఎత్తి పట్టుకున్నాడు. బిళ్ల వెనక ఉన్న ఇల్లు ఇదే. 1938 నుంచి ఆ ఇల్లు జనం జేబుల్లో తిరుగుతోంది.

ఇల్లు నిజంగా ముచ్చటగా ఉంది. ఆ మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. ముందు హాల్లో ఒక గడియారం, ఏడు రోజులకొకసారి తిప్పాలి. ఫిరంగి గుండ్లలాంటి బరువులు తాళ్లకు కట్టి గోడ పక్కన వేలాడదీశారు. అవి రోజుకింత కిందికి దిగుతుంటే గోడ మీద ఆదివారం, సోమవారం అని రాసిన చోటికి వస్తాయి. గోడ ఎత్తు చాలక నేలకు రంధ్రం చేశారు, శనివారం మాళిగలో ఉంటుంది! అతిథుల గదికి పెద్ద అద్దాల తలుపులు. ఒక రెక్క తోస్తే రెండోది దానంతటదే తెరుచుకుంటుంది. చదువుకునే గదికీ పడగ్గదికీ మధ్య గోడలో మంచం. ఏ వైపు దిగితే ఆ గదిలో ఉంటాడు. రాసే ఉత్తరానికి అప్పటికప్పుడే నకలు తయారుచేసే యంత్రం బల్ల మీద ఉంది. ఎంత తెలివైన మనిషి! ఆ బల్ల దగ్గర నిలబడితే, ముప్పై ఏళ్లు నేను చెప్పిన పాఠంలోని వాక్యం నోట్లో మెదిలింది: మనుషులందరూ సమానంగా సృష్టించబడ్డారు.

హాల్లో గడియారానికి బయట కూడా ఒక ముఖం ఉంది, దానికి గంటల ముల్లు ఒక్కటే. కప్పు మీద చైనా గంట. పొలంలో ఉన్నవాళ్లకు నిమిషాలు అక్కర్లేదు, ఎప్పుడు పనిలోకి రావాలో తెలిస్తే చాలు. ఈ ముక్క చెప్పి గైడు కాసేపు ఆగింది. జెఫర్సన్ జీవితకాలంలో ఆరువందల మందికి పైగా మనుషులు ఆయన సొత్తుగా బతికారు. బతికుండగా ఇద్దరినే విడుదల చేశాడు, విల్లులో అయిదుగురిని.

ఇంటి కింద దక్షిణపు వరసలో శాలీ హెమింగ్స్ ఉండేదని భావిస్తున్న గది ఉంది. ఆమె జెఫర్సన్ భార్యకు సవతి చెల్లెలు, జెఫర్సన్‌కు బానిస, ఆయన పిల్లలకు తల్లి. ఆమె బొమ్మ ఒక్కటీ దొరకలేదు. గదిలో గోడ మీద నీడ, జెఫర్సనే తన తండ్రి అని ఆమె కొడుకు చెప్పిన మాటలు, అంతే. ఆ మాటలను చాలాకాలం చాలామంది చరిత్రకారులు నమ్మలేదు. 1998లో డీఎన్ఏ పరీక్ష జరిగాక గానీ మోంటిచెల్లోను చూసుకునే సంస్థ ఒప్పుకోలేదు. అమ్మాయి ఆ గదిలో నా చెయ్యి పట్టుకుంది.

ఇంటి పక్కనే మల్బరీ రో. బానిసలు పనిచేసిన, ఉన్న వరస అది. 1794లో జెఫర్సన్ ఇక్కడ మేకులు చేసే కొలిమి పెట్టించాడు. పని చేసింది పదేళ్ల నుంచి పదహారేళ్ల మగపిల్లలు. ఒక్కొక్కడికి ఎంత ఇనుము ఇచ్చారు, వాడు ఎన్ని మేకులు చేశాడు, ఎంత తరుగు పోయిందనేది ఆయనే స్వయంగా తూకం వేయించి పుస్తకంలో రాసుకునేవాడు. మా మనవడికి మొన్న జూలైలో పదేళ్లు నిండాయి. "అంటే నేను ఇక్కడ పనిచేసేవాణ్ణా?" అన్నాడు. అవునూ అనలేక, కాదూ అనలేక వాడి తల నిమిరాను.

ఆ కొలిమిలో మొదలుపెట్టి కమ్మరి అయినవాడు జోసెఫ్ ఫాసెట్. అతని భార్య ఈడిత్, జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు వాషింగ్టన్‌లో ఫ్రెంచి వంట నేర్చుకుని వచ్చి ఈ ఇంటికి పెద్ద వంటమనిషి అయింది. ఆ వంటిల్లు చూశాను. ఇటుకలతో కట్టిన పొయ్యిల వరస, రాగి గిన్నెలు. ఊరూరి నుంచి వచ్చిన అతిథులు పొగిడిన భోజనం ఇక్కడే తయారయింది.

1826 జూలై 4న, ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, జెఫర్సన్ పోయాడు. లక్ష డాలర్లకు పైగా అప్పు మిగిలింది. మరుసటి జనవరిలో ఈ ఇంటి దగ్గరే వేలం పెట్టారు. ఆ వేలం ప్రకటనలో ఒకే వరసలో రాశారు: 130 మంది మనుషులు, పశువులు, పంట, ఇంట్లో సామాను. విల్లులో పేరున్న అయిదుగురిలో జోసెఫ్ ఒకడు. భార్య పేరు లేదు, పిల్లల పేర్లు లేవు. ఆ చలిలో అతను తనవాళ్లను తలా ఒకరు పాడుకుపోతుంటే చూశాడు. కొడుకు పీటర్‌కి పదకొండేళ్లు.

వేలం అనే మాట నాకు చిన్నప్పటిది కాదు గానీ బాగా దగ్గరిది. మా నాన్న పొగాకు బేళ్లు వేసుకుని వేలం కేంద్రానికి వెళ్లిన రోజున ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. 'నో బిడ్' పడితే బేలు తిరిగి ఇంటికొచ్చేది, ఆయన ఆ రాత్రి అన్నం తినేవాడు కాదు. ఆ మాటను మనిషికి, అందులోనూ పదకొండేళ్ల పిల్లాడికి కలిపి ఆలోచించడానికి నాకు చాలాసేపు పట్టింది. పచ్చికలో బెంచీ మీద కూర్చుండిపోయాను. మా ఆయన నీళ్లసీసా తెచ్చి పక్కన పెట్టి, ఏమీ అడగకుండా కూర్చున్నారు.

ఆ గోర్డన్స్‌విల్ పెద్దాయన మాట గుర్తొచ్చి తోటలోకి దిగాను. కొండ పక్కన మట్టం చేసిన వెయ్యి అడుగుల పొడవు కూరగాయల మడి. ఎర్రమట్టి, మా కందుకూరు వైపు మట్టిలాగే. చెప్పులకు అంటుకుంది. ముదిరిన బెండ మొక్కలు, కాయలు ఎండి నిలబడ్డాయి. జెఫర్సన్ నూనె కోసం నువ్వులు కూడా వేయించాడట. బెండ, నువ్వులు, అలసందలు ఈ గడ్డకు ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చాయి. నడుచుకుంటూ వెళ్తే ఎదురుగా పందిరి, దాని మీద ఊదారంగు పూలు, నిగనిగలాడే ఊదా కాయలు. చిక్కుడు! గట్టిగానే అరిచినట్టున్నాను, కలుపు తీస్తున్న ఆవిడ తలెత్తి చూసింది.

దగ్గరికి వెళ్లి, ఇవి మేం వండుకుంటాం అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. ఇక్కడ పూల అందం కోసం పెంచుతారట, కాయలు విషం, తినొద్దని చెబుతారట. గింజ ముదిరితే పచ్చిది తినకూడదు గానీ, లేతకాయ ఈనె తీసి, తుంచి, ఉడికించి, కొబ్బరికారం వేసి దించితే ఎలా ఉంటుందో అమ్మాయిని మధ్యలో పెట్టుకుని చెప్పాను. ఆవిడ మట్టి చేతులు ప్యాంటుకు తుడుచుకుని, చిన్న పుస్తకం తీసి రాసుకుంది. ఈనె ఎలా తీయాలో గాల్లో చేసి చూపించాను. ఆవిడా అలాగే చేసింది. మూడు రోజుల్లో నేను మనసారా నవ్వింది అప్పుడే. కింద దుకాణంలో ఆ విత్తనాల ప్యాకెట్టు ఒకటి కొని అమ్మాయికిచ్చాను, వసంతంలో వాళ్ల పెరట్లో వేయమని.

భోజనానికి కొండ దిగువన మిచీ టావెర్న్‌కి వెళ్లాం. పాతకాలపు దుస్తుల్లో వడ్డిస్తారు, ఎంత కావాలంటే అంత. టిప్పుతో కలిపి అందరికీ నూటపాతిక డాలర్ల దాకా అయింది. సోమవారం మా ఆయన మాంసం ముట్టరు. ఆ సంగతి చెబితే వడ్డించే ఆవిడ "డోంట్ వర్రీ, హనీ" అని, వేటిలో మాంసం కలవలేదో లోపలికి వెళ్లి కనుక్కొచ్చి మరీ చెప్పింది. మొక్కజొన్న రొట్టె ఆయనకు నచ్చింది. ఉడికించిన టమాటాలు తియ్యగా ఉన్నాయి. చక్కెర వేసిన టమాటా ఎందుకో ఆయనకు అర్థం కాలేదు, కానీ వదిలిపెట్టకుండా తినేశారు.

వెళ్లేముందు రెండు శ్మశానాలు చూశాం. జెఫర్సన్ సమాధి మీద ఏం రాయాలో ఆయనే చెప్పి పోయాడు: స్వాతంత్ర్య ప్రకటన రచన, వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం రచన, విశ్వవిద్యాలయ స్థాపన. అధ్యక్షుడన్న మాటే లేదు. రెండోది కార్లు పెట్టే చోటికి పక్కనే, చెట్ల మధ్య. నలభైకి పైగా బానిసల సమాధులు. కొన్నిటికి చెక్కని రాయి ఉంది, కొన్నిచోట్ల నేల కాస్త కుంగి ఉంది, అంతే. ఎండిన ఆకులు పడుతున్నాయి. మనవడు కుంగిన చోట్ల అడుగు పడకుండా చూసుకుంటూ నడిచాడు. వాడికెవరూ చెప్పలేదు.

నవంబరు – ఇంటి దగ్గర

వచ్చిన రెండోరోజే ఊరెళ్లి నాన్నకు ఫోన్లో ఫోటోలు చూపించాను. ఎనభై నాలుగేళ్లు, చూపు మందగించింది. తోట ఫోటో దగ్గర ఆగి, "ఎర్రనేలేనా?" అన్నాడు. అవునన్నాను. "ఆకు బాగా పండుద్ది" అన్నాడు. వేలం సంగతి చెప్పాను. బ్యారన్ వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. అది వాడి పదేళ్లయింది, ఒక గోడ ఒరిగింది.

"ఆ కమ్మరాయనకి పిల్లలు దొరికారా అమ్మా?"

కొందరు దొరికారు, నాన్నా. బంధువుల సాయంతో భార్యను, కొందరు బిడ్డల్ని ఒక్కొక్కరినీ కొనుక్కుని విడిపించుకున్నాడు. పీటర్ మటుకు ఇరవై ఏళ్లకు పైగా బానిసగానే ఉన్నాడు. రెండుసార్లు పారిపోయాడు, దొరికిపోయాడు. ఆఖరికి మళ్లీ వేలంలో నిలబెడితే, తెలిసినవాళ్లు డబ్బు కూడేసి విడిపించారు. ఒహాయో వెళ్లి వంటలు చేసి బతికాడు, పాస్టరయ్యాడు. ఎనభై అయిదేళ్ల వయసులో, 1900లో, ఒకసారి ఆ కొండ ఎక్కి ఇంటిని చూసి వచ్చాడు.

"వాళ్లమ్మ వండిన వంటిల్లు చూపించారా?" అన్నాడు నాన్న.